అమెరికాలో అద్దె ఇల్లు, తిరుపతిలో కాపురం: ప్రాపర్టీ మేనేజరును నియమించుకునే పద్ధతి

తిరుపతిలో ఒక రకం ఇంటి యజమానులు తరచుగా కనిపిస్తున్నారు. తల్లిదండ్రుల కోసమో పిల్లల చదువు కోసమో అమెరికా వదిలి వచ్చి, ఎయిర్ బైపాస్ రోడ్డులోనో తిరుచానూరు రోడ్డులోనో స్థిరపడతారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో కొన్న ఇంటిని మాత్రం అమ్మరు. "అద్దె వస్తుంది కదా, ఉండనీ" అంటారు. అద్దె వస్తుంది, నిజమే. అయితే అక్కడ రాత్రి పూట ఏసీ ఆగిపోతే అద్దెదారు ఎవరికి ఫోను చేయాలి? ఆ ప్రశ్నకు జవాబే ప్రాపర్టీ మేనేజరు.

మేనేజరును వెతకగానే చాలామంది చేసే మొదటి పని ఫీజు బేరం. 10 శాతం అన్నవాణ్ణి 8కి దింపి సంతోషపడతారు. డబ్బు పోయేది అక్కడ కాదు. మీ అనుమతి లేకుండా ఆయన ఎంత ఖర్చు పెట్టవచ్చు, అద్దెదారు డిపాజిట్టు ఎవరి ఖాతాలో ఉంది, మీ దగ్గర ఏ పన్ను ఫారం తీసుకున్నాడు, ఈ మూడింటి దగ్గర పోతుంది. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం వాటి గురించే. మనవాళ్ల ఇళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. రాష్ట్రం మారితే లైసెన్సు, డిపాజిట్టు, ఖాళీ చేయించే నిబంధనలు మారతాయి. అమెరికా కేంద్ర పన్ను సంగతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

1. ముందు "మనవాడు" అనే ఆలోచన పక్కన పెట్టండి

బైరాగిపట్టెడలో ఇల్లు ఖాళీ అయితే గేటుకు టూలెట్ బోర్డు కడతాం, నలుగురికి చెబుతాం, ఎదురింటివారికి తాళాలిస్తాం. అదే అలవాటుతో అక్కడున్న బావమరిదికో పాత రూమ్మేటుకో ఇల్లు అప్పగించాలనిపిస్తుంది. స్నేహంగా ఒకసారి వెళ్లి చూసి రావడం వేరు. డబ్బు తీసుకుని మీ తరఫున అద్దె వసూలు చేయడం, ఇల్లు అద్దెకివ్వడం వేరు. టెక్సస్‌లో రెండోది రియల్ ఎస్టేట్ లైసెన్సు ఉన్నవారే చేయాలి. విడి ఇంటి అద్దెను పారితోషికం తీసుకుని మరొకరి తరఫున స్వీకరించి జమ చేయడం కూడా చట్టం దృష్టిలో బ్రోకరు పనే.

చట్టం సంగతి అటుంచినా, బంధువుకు లెక్క అడగలేం. రెండు వందల డాలర్ల ప్లంబరు బిల్లుకు రసీదు అడిగితే సంక్రాంతికి మాటలుండవు. లెక్క అడగడానికి మొహమాటం లేని మనిషి కావాలి. అందుకే నా సలహా, బయటివాణ్ణే పెట్టుకోండి. బావమరిదిని ఏడాదికోసారి ఇంటి ముందు నుంచి కారులో వెళ్లి పైకప్పూ పచ్చికా చూసి ఫొటో పంపమనండి, చాలు.

2. ఇంటికి సంబంధించిన కాగితాలు సరిదిద్దుకోండి

మేనేజరు రాకముందే యజమాని చేయవలసినవి కొన్ని ఉన్నాయి. అవి ఆయన చేయడు, గుర్తు కూడా చేయకపోవచ్చు.

మీరు ఉన్నప్పటి హోమ్ ఓనర్స్ బీమా అద్దె ఇంటికి సరిపోదు. అద్దె ఇళ్లకు వేరే పాలసీ ఉంటుంది, దాన్ని ల్యాండ్‌లార్డ్ పాలసీ అంటారు. పాతదే కొనసాగిస్తే ఏదైనా జరిగినప్పుడు కంపెనీ చెల్లించకపోవచ్చు. కొత్త పాలసీలో రెండు విషయాలు చూడండి. ఇల్లు ఎన్ని రోజులు ఖాళీగా ఉంటే రక్షణ తగ్గిపోతుందన్నది ఒకటి. రెండోది వడగళ్ల సంగతి. డాలస్ వైపు వడగళ్లకు పైకప్పులు పాడవడం మామూలు విషయం. చాలా పాలసీల్లో ఆ నష్టానికి మీరు భరించవలసిన వాటా బీమా మొత్తంలో 1 లేదా 2 శాతంగా ఉంటుంది. మూడు లక్షల డాలర్ల బీమాకు 2 శాతమంటే ఆరు వేలు మీ జేబులోంచే.

ఇంట్లో మీరు ఉన్నప్పుడు తీసుకున్న హోమ్‌స్టెడ్ పన్ను మినహాయింపును రద్దు చేయమని కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టుకు, అంటే పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే కార్యాలయానికి, తెలపాలి. ఊరుకుంటే పాత సంవత్సరాలకూ లెక్కకట్టి వసూలు చేస్తారు. అదే కార్యాలయంలో తపాలా చిరునామా కూడా మార్పించండి. టెక్సస్‌లో ఆస్తి పన్ను బిల్లులు శరదృతువులో వస్తాయి, జనవరి 31 లోగా కట్టాలి. బ్యాంకు రుణం ఉండి ఎస్క్రో ద్వారా, అంటే నెల వాయిదాతో పాటే పన్ను డబ్బూ తీసుకుని బ్యాంకే కట్టే పద్ధతిలో, కడుతుంటే చింత లేదు. రుణం తీరిపోయినవారి బిల్లు ఖాళీ ఇంటి డబ్బాలో పడి ఉంటే, ఫిబ్రవరి నుంచి జరిమానా, వడ్డీ మొదలవుతాయి.

కాలనీ సంఘం ఉంటే, అంటే హెచ్‌ఓఏ, అద్దెకివ్వడంపై దాని నిబంధనలు చదవండి. కొన్ని సంఘాలు అద్దె ఇళ్లకు పరిమితి పెడతాయి. గడ్డి పెరిగిందనీ చెత్త డబ్బా బయటే ఉందనీ వచ్చే నోటీసులు ఎవరికి చేరాలో కూడా ముందే రాసివ్వండి.

మరో సంగతి చిన్నదే గానీ పెద్ద తలనొప్పి: అమెరికా ఫోను నంబరు. అక్కడి బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. చవక ప్లానులో దాన్ని బతికించి ఉంచండి. అద్దె జమయ్యే అమెరికా ఖాతాలోకి మీరే వెళ్లలేకపోతే ఎంత మంచి మేనేజరున్నా లాభం లేదు. భారత్‌లో నివాసిగా మారాక ఆ ఇల్లూ ఆ ఖాతా ఉంచుకోవచ్చా అని చాలామంది కంగారు పడతారు. అక్కడ నివసించిన కాలంలో సంపాదించుకున్న ఆస్తిని తిరిగొచ్చాక కూడా ఉంచుకోవడానికి 1999 నాటి ఫెమా చట్టం, సెక్షన్ 6(4) అనుమతిస్తుంది.

3. జాబితా తయారు చేసి, లైసెన్సు చూడండి

ఇల్లున్న పట్టణంలోనే పనిచేసే ఐదారు సంస్థల పేర్లు రాసుకోండి. ఇల్లు అమ్మిపెట్టిన ఏజెంటు "నేనే చూస్తాను" అనవచ్చు. అమ్మకాల మనిషికి నెలనెలా నిర్వహణ ఓపిక ఉండదు, దీన్ని పక్కపనిగా చేస్తాడు. నిర్వహణే వృత్తిగా ఉన్న సంస్థ మేలు. అద్దె ఇళ్ల నిర్వాహకులకు నార్‌పమ్ అనే జాతీయ సంఘం ఉంది. అందులో సభ్యత్వం నాణ్యతకు హామీ కాదు, పని మీద శ్రద్ధ ఉందనడానికి ఒక గుర్తు.

తర్వాత ఒక్కో పేరునూ టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వెబ్‌సైటులో వెతకండి. లైసెన్సు చెల్లుబాటులో ఉందా, ఎవరి పేరున ఉంది, ఆ సంస్థ బ్రోకరు ఎవరు, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా, అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. ఫోనులో తియ్యగా మాట్లాడిన మనిషి పేరు అక్కడ లేకపోతే ఆ మాటకు విలువ లేదు.

ఇంటర్నెట్‌లోని సమీక్షల్లో నక్షత్రాలు లెక్కపెట్టకండి. అద్దెదారులు రాసిన ఫిర్యాదులు చదవండి. "మేనేజరు కఠినంగా మాట్లాడాడు" అన్నది పట్టించుకోనక్కరలేదు. "డిపాజిట్టు తిరిగి ఇవ్వలేదు" అని ముగ్గురు నలుగురు రాస్తే ఆ సంస్థను కొట్టేయండి. ఎందుకంటే టెక్సస్‌లో అద్దెదారు ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్టు తిరిగి ఇవ్వాలి, లేదా ఏ నష్టానికి ఎంత తగ్గించారో జాబితా పంపాలి. దురుద్దేశంతో ఆపారని కోర్టు తేలిస్తే ఆపిన మొత్తానికి మూడు రెట్లు, పైన 100 డాలర్లు, లాయరు ఖర్చు కూడా పడతాయి. అది ఇంటి యజమాని నెత్తిన పడుతుంది. మేనేజరు తప్పుకు తిరుపతిలో ఉన్న మీరు జవాబుదారీ.

ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. వాళ్లు ప్రస్తుతం ఖాళీగా చూపిస్తున్న ఇళ్ల ప్రకటనలు చూడండి. ఫొటోలు చీకటిగా, టాయిలెట్ మూత తెరిచి ఉన్నట్టు ఉంటే మీ ఇంటికీ అదే గతి. అక్కడున్న స్నేహితుణ్ణి అద్దెకు కావాలన్నట్టు ఫోను చేయమనండి. రెండు రోజులైనా ఎవరూ తిరిగి పలకకపోతే, మీ ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉండటానికి కారణం ముందే తెలిసినట్టు.

4. ముగ్గురితో మాట్లాడండి

డాలస్‌కూ తిరుపతికీ శీతాకాలంలో పదకొండున్నర గంటల తేడా, వేసవి సమయంలో పదిన్నర. మనకు రాత్రి ఏడున్నర అయితే అక్కడ శీతాకాలంలో ఉదయం ఎనిమిది, వేసవిలో తొమ్మిది. ఆ సమయానికి వీడియో కాల్ పెట్టుకోండి. రాబోయే కాలంలో మీ మాటలన్నీ ఆ సమయంలోనే సాగాలి కాబట్టి ఇప్పుడే ఆ వేళకు దొరకని మనిషి తర్వాతా దొరకడు.

అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: "పన్ను రీత్యా నేను అమెరికాకు నాన్‌రెసిడెంటుని. నా దగ్గర ఏ ఫారం తీసుకుంటారు?" సరైన జవాబు డబ్ల్యూ-8ఈసీఐ, అదెందుకో 8వ భాగంలో చెబుతాను. "అందరి దగ్గరా డబ్ల్యూ-9 తీసుకుంటాం, అదే పంపండి" అంటే విదేశంలో ఉన్న యజమానితో ఆ సంస్థ ఎప్పుడూ పనిచేయలేదన్నమాట. డబ్ల్యూ-9 అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, పన్ను రీత్యా అక్కడి నివాసులు ఇచ్చేది. ఈ ఒక్క ప్రశ్నతో జాబితా సగం తగ్గుతుంది.

మిగతావి: ఒక్కో మేనేజరు ఎన్ని ఇళ్లు చూస్తాడు? అర్ధరాత్రి పైపు పగిలితే ఫోను ఎవరు ఎత్తుతారు? ఇంటి లోపలి తనిఖీ ఏడాదికి ఎన్నిసార్లు, ఫొటోలతోనేనా? మరమ్మతులు చేసేది సొంత పనివాళ్లా, బయటివాళ్లా? సొంత సంస్థ అయితే ధర ఎలా నిర్ణయిస్తారు? చలి గడ్డకట్టే రోజుల్లో ఖాళీ ఇంటికి ఏం చేస్తారు? చివరి ప్రశ్న వినడానికి వింతగా ఉంటుంది, మనకు చలికి పైపులు పగలడమంటే తెలియదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను ముంచెత్తిన మంచు తుపానులో కరెంటు పోయి, పైపులు పగిలి వేల ఇళ్లు నీళ్లపాలయ్యాయి. బయటి కుళాయిలకు తొడుగులు వేస్తాం, హీటరు ఆన్‌లో ఉంచుతాం, అవసరమైతే నీటి ప్రధాన వాల్వు కట్టేస్తాం అని తడుముకోకుండా చెప్పినవాడు ఆ శీతాకాలాన్ని చూసినవాడు. డాలస్ బంకమట్టి నేల ఎండితే కుంగి పునాది కదులుతుంది, వేసవిలో పునాది చుట్టూ నీరు పెట్టే బాధ్యత ఎవరిదో కూడా అడగండి.

విదేశంలో ఉంటున్న ఇద్దరు యజమానులతో మాట్లాడించమనండి. వాళ్లను "ఆయన మంచివాడేనా?" అని అడగవద్దు. "పోయిన సంవత్సరం అతి పెద్ద మరమ్మతు ఏమిటి? బిల్లు వచ్చే ముందు మీకు తెలిసిందా, వచ్చాక తెలిసిందా?" అని అడగండి.

5. ఫీజు లెక్క

నెలవారీ ఫీజు సాధారణంగా వసూలైన అద్దెలో 8 నుంచి 10 శాతం. "వసూలైన" అన్న మాట ముఖ్యం. "రావలసిన" అద్దె మీద అని ఉంటే ఇల్లు ఖాళీగా ఉన్నా, అద్దెదారు ఎగ్గొట్టినా మీరు కడుతూనే ఉండాలి. కొత్త అద్దెదారును తెచ్చినప్పుడు సగం నెల నుంచి పూర్తి నెల అద్దె వరకు అడుగుతారు. ఒప్పందం పొడిగిస్తే మరో రుసుము. మరమ్మతు బిల్లు మీద 10 శాతం అదనం వేసేవారు కొందరు. ఆలస్య రుసుము అద్దెదారు కడితే అది తామే ఉంచుకునేవారు ఇంకొందరు. ఇవన్నీ కలిపి సంవత్సరానికి లెక్క వేసి పోల్చండి. 7 శాతం సంస్థ ఏడాది చివర 10 శాతం సంస్థ కంటే ఖరీదుగా తేలడం వింతేమీ కాదు.

6. ఒప్పందం చదవండి, మార్పించండి

టెక్సస్‌లో చాలామంది అక్కడి రియల్టర్ల సంఘం ముద్రించిన ప్రామాణిక ఒప్పందం వాడతారు. ముద్రించిన పత్రం కదా అని మార్చలేమనుకోవద్దు. ఖాళీ గడులు నింపేది ఇద్దరూ కలిసే, ప్రత్యేక షరతులు రాసే చోటు కూడా ఉంటుంది.

ఖర్చు పరిమితి: మీ అనుమతి లేకుండా ఒక మరమ్మతుకు ఎంత వరకు? 300 డాలర్లు నాకు సబబుగా అనిపిస్తుంది. వంద పెడితే ప్రతి కుళాయి వాషరుకూ నడిరాత్రి మీకు ఫోను. వెయ్యి పెడితే మీకు అసలు తెలియదు. నీరు కారడం, గ్యాసు, ఎండాకాలంలో ఏసీ లాంటి అత్యవసరాలకు పరిమితి వర్తించదని రాస్తారు, అది న్యాయమే. అయితే "అత్యవసరం" అంటే ఏమిటో జాబితాగా రాయించండి. ఒక పెద్ద పనిని రెండు మూడు చిన్న బిల్లులుగా విడగొట్టి పరిమితి దాటించే ఎత్తు ఉంది కాబట్టి "ఒక పనికి సంబంధించిన అన్ని బిల్లులూ కలిపి" అనే మాట చేర్పించండి. పరిమితికి మించిన పనికి రెండు ధరలు, ఫొటోలు.

డబ్బు ఎక్కడ ఉంటుంది: ఇతరుల డబ్బును బ్రోకరు తన సొంత డబ్బుతో కలపకుండా ట్రస్టు ఖాతాలో ఉంచాలి. అద్దె, డిపాజిట్టు ఏ ఖాతాలో ఉంటాయో, ప్రతి నెలా ఏ తేదీన మీకు జమ చేస్తారో రాతలో ఉండాలి. రిజర్వు పేరుతో ఆయన దగ్గర ఉంచే మొత్తం 300 నుంచి 500 డాలర్ల వరకు ఉంటే చాలు.

బయటపడే దారి: సంవత్సరం ఒప్పందం చేసి, మధ్యలో మానేస్తే మిగిలిన నెలల ఫీజంతా కట్టాలనే షరతు చాలా చోట్ల ఉంటుంది. 30 రోజుల నోటీసుతో, కారణం లేకుండా, రుసుము లేకుండా రద్దు చేసుకునేలా మార్చమనండి. మొదటి ఆరు నెలలకు ఒప్పుకోరు, తర్వాత ఒప్పుకుంటారు. ససేమిరా అంటే ఇంకొకరిని చూడండి. తనంతట తాను పొడిగించుకునే షరతు ఉంటే ఆ తేదీని ఫోను క్యాలెండరులో పెట్టుకోండి.

అమ్మకం షరతు: అద్దెదారే ఇల్లు కొంటే మేనేజరుకు కమీషను అనే వాక్యం ఎక్కడో అడుగున ఉంటుంది. కొట్టేయించండి, లేదా శాతం తగ్గించండి. ఆ వాక్యాన్ని పట్టించుకోకుండా సంతకం చేసినవారికి ఆ సంగతి ఇల్లు అమ్మేరోజునే తెలుస్తుంది.

తాళాలు, పొగ అలారాలు: అద్దెదారు మారిన ప్రతిసారీ 7 రోజుల్లో తాళాలు మార్చడం టెక్సస్‌లో చట్టం. పొగ అలారాలు పనిచేస్తున్నాయో చూడటమూ యజమాని బాధ్యతే. ఇవి మేనేజరు చేస్తాడని స్పష్టంగా రాయించండి.

7. సంతకాలు: జీపీఏ తొందర వద్దు

మన ఊళ్లో ఆస్తి వ్యవహారం అనగానే జీపీఏ గుర్తొస్తుంది. నిర్వహణకు అది అవసరం లేదు. ఒప్పందంలోనే అద్దె పత్రం మీద మీ తరఫున సంతకం చేసే అధికారం ఉంటుంది, ఆ మేరకు చాలు. ఇల్లు అమ్మే అధికారం, రుణం తీసుకునే అధికారం ఉన్న పత్రం ఏ మేనేజరుకూ ఇవ్వవద్దు.

ఒప్పందానికి ఎలక్ట్రానిక్ సంతకం సరిపోతుంది. ఎప్పుడైనా నోటరీ కావలసి వస్తే మూడు దారులున్నాయి. వీడియో ద్వారా చేసే ఆన్‌లైన్ నోటరీని టెక్సస్ 2018 నుంచి అనుమతిస్తోంది. ఇంట్లో కూర్చుని చేయించుకోవచ్చు కాబట్టి మొదట ఇదే ప్రయత్నించండి. చెన్నై అన్నాసాలైలోని అమెరికా కాన్సులేటులో ముందుగా సమయం తీసుకుని వెళితే ముద్రకు 50 డాలర్లు. తిరుపతి నుంచి పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి వచ్చేయవచ్చు. ఇక మూడోది, ఇక్కడి నోటరీ చేసిన పత్రానికి విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ ముద్ర, వేయించడం. ఆ ముద్రను గుర్తించే అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 2005లో చేరింది. పని జరుగుతుంది గానీ కాగితం నాలుగు చేతులు మారుతుంది.

8. పన్ను కాగితాలు: అసలు డబ్బు ఇక్కడే

అమెరికా నాన్‌రెసిడెంటు యజమానికి వచ్చే అద్దె మీద, ఏమీ చేయకుండా ఊరుకుంటే, మొత్తం అద్దెలో 30 శాతం పన్నుగా పట్టుకోవాలి. ఖర్చుల తగ్గింపు ఉండదు. పట్టుకునే బాధ్యత మేనేజరుది. పట్టుకోకపోతే ఆయనే బాధ్యుడవుతాడు, అందుకే విషయం తెలిసినవాడు ముందే ఫారం అడుగుతాడు.

దీనికి విరుగుడు ఉంది. అద్దె ఆదాయాన్ని వ్యాపార ఆదాయంగా పరిగణించమని అక్కడి పన్ను చట్టం సెక్షన్ 871(డి) కింద కోరుకోవచ్చు. ఆ కోరికను నాన్‌రెసిడెంట్లు దాఖలు చేసే 1040-ఎన్‌ఆర్ రిటర్నుకు జతచేసిన ప్రకటన ద్వారా తెలపాలి. మేనేజరుకు డబ్ల్యూ-8ఈసీఐ ఇవ్వాలి. అప్పుడు పట్టివేత ఉండదు, ఖర్చులు పోగా మిగిలినదాని మీదే పన్ను.

ఒక లెక్క చూద్దాం. నెలకు 2,400 డాలర్ల అద్దె, ఏడాదికి 28,800. పట్టివేత అయితే 8,640 డాలర్లు. రెండో దారిలో ఆస్తి పన్ను 7,000, బీమా 2,800, నిర్వహణ ఫీజు 2,304, మరమ్మతులు 2,000, సంఘం రుసుము 600. వీటికి తరుగుదల కలపాలి. నేల విలువ తీసేసి కట్టడం విలువను 27.5 సంవత్సరాలకు పంచుతారు. కట్టడం 2,75,000 అయితే ఏడాదికి 10,000. మొత్తం తగ్గింపులు 24,704, మిగిలింది 4,096. దాని మీద 10 శాతం అంటే సుమారు 410 డాలర్లు. ఒక ఫారం ఇచ్చారా లేదా అన్నదాని మీద ఎనిమిది వేలకు పైగా తేడా. ఫీజు మీద 2 శాతం బేరం ఏడాదికి 576 డాలర్లు.

గుర్తుంచుకోవలసిన చిక్కులు కొన్ని. డబ్ల్యూ-8ఈసీఐ సంతకం చేసిన సంవత్సరం తర్వాత మూడో క్యాలెండరు సంవత్సరం చివరి దాకా చెల్లుతుంది, ఆపై కొత్తది ఇవ్వాలి. భార్యాభర్తలిద్దరి పేరునా ఇల్లుంటే ఇద్దరూ విడివిడిగా ఇవ్వాలి, ఇద్దరికీ పన్ను గుర్తింపు సంఖ్య ఉండాలి. ఉద్యోగం చేసినవారి సోషల్ సెక్యూరిటీ నంబరు ఎప్పటికీ పనికొస్తుంది. ఉద్యోగి భార్య లేదా భర్త హెచ్-4 వీసా మీద ఉన్నప్పుడు తీసుకున్న ఐటిన్ అనే పన్ను సంఖ్య మాత్రం వరుసగా మూడేళ్లు రిటర్నులో వాడకపోతే కాలం చెల్లుతుంది. రిటర్ను గడువు, జీతం లేనివారికి, జూన్ 15. "లాభమే లేదు, రిటర్ను ఎందుకు" అని వదిలేయవద్దు. గడువు దాటి 16 నెలలైతే ఖర్చుల తగ్గింపే కోరలేరు.

ఇక మన వైపు. తిరిగొచ్చిన కొత్తలో, సాధారణంగా రెండు మూడేళ్లు, పన్ను రీత్యా మీరు "మామూలు నివాసి కాని నివాసి"గా ఉంటారు. ఆ కాలంలో ఆ అద్దెకు ఇక్కడ పన్ను లేదు. తర్వాత ప్రపంచంలో ఎక్కడి ఆదాయానికైనా ఇక్కడ పన్ను కట్టాలి. ఇక్కడ చాలామందికి దెబ్బ తగులుతుంది: భారత లెక్కలో తరుగుదల లేదు, నిర్వహణ ఫీజూ బీమా విడిగా తగ్గవు. కట్టిన ఆస్తి పన్ను, 30 శాతం ప్రామాణిక తగ్గింపు, రుణం ఉంటే వడ్డీ, ఇవే తగ్గుతాయి. అందువల్ల అమెరికాలో 4,096గా తేలిన ఆదాయం ఇక్కడ దానికి కొన్ని రెట్లు కావచ్చు. అక్కడ కట్టిన 410 డాలర్లకు ద్వంద్వ పన్ను ఒప్పందం కింద ఇక్కడ జమ దొరుకుతుంది, మిగతాది ఇక్కడ కట్టాలి. ఈ జమకు 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయం వరకు ఫారం 67 దాఖలు చేయాలి. డాలర్లను రూపాయల్లోకి మార్చడానికి స్టేట్ బ్యాంకు టీటీ కొనుగోలు రేటు వాడతారు.

రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపడం మరవవద్దు. అది ఆర్థిక సంవత్సరానికి కాదు, జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క. చూపకపోతే 2015 నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా వేయవచ్చు. 2024 అక్టోబరు 1 నుంచి 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు ఇచ్చిన సడలింపు స్థిరాస్తికి వర్తించదు. మేనేజరుకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? అద్దె, ఖర్చుల నెలవారీ లెక్క ఆయన దగ్గరే ఉంటుంది. క్యాలెండరు సంవత్సరానికి ఒక నివేదిక, ఏప్రిల్ నుంచి మార్చికి ఒక నివేదిక, రెండూ ఇవ్వగలరా అని ఒప్పందం దశలోనే అడగండి. రెండు దేశాల రిటర్నులు తెలిసిన ఆడిటరును తిరుపతిలోనో చెన్నైలోనో ఒకరిని పట్టుకోండి. దీన్ని సొంతంగా చేయాలనుకోవడం దండగ.

9. అద్దెదారు ఎంపిక: ఇక్కడి మాటలు అక్కడ చెప్పవద్దు

"తెలుగువాళ్లకే ఇవ్వండి", "పిల్లలు లేనివాళ్లయితే ఇల్లు శుభ్రంగా ఉంటుంది", "ఫలానా మతంవారు వద్దు". మన వీధుల్లో టూలెట్ బోర్డు దగ్గర ఈ మాటలు మామూలే. అమెరికాలో ఇవి మేనేజరుకు ఈమెయిలులో రాస్తే సాక్ష్యాలవుతాయి. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం, తర్వాతి సవరణలతో కలిపి, జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం, వైకల్యం, పిల్లలున్న కుటుంబం, వీటి ఆధారంగా నిరాకరించడాన్ని నిషేధిస్తుంది. "శాకాహారులకు మాత్రమే" అన్న మాట కూడా మతం పేరుతోనో పుట్టుక పేరుతోనో నిరాకరించడానికి ముసుగుగా కనిపించే ప్రమాదం ఉంది, రాయకండి. మంచి మేనేజరు ఇలాంటి సూచన రాగానే వద్దని చెబుతాడు. "సరే సార్, అలాగే చూద్దాం" అన్నవాడు మిమ్మల్ని ఇరికిస్తాడు.

మీరు పెట్టగలిగినవి అంకెలు: అద్దెకు మూడు రెట్ల ఆదాయం, క్రెడిట్ స్కోరు, పాత ఇంటి యజమాని మాట, నేర చరిత్ర పరిశీలన. ఆ కొలమానాన్ని రాతలో పెట్టి అందరికీ ఒకేలా వర్తింపజేయమనండి. పెంపుడు జంతువులు వద్దనవచ్చు. వైకల్యం ఉన్నవారి సహాయక జంతువును మాత్రం పెంపుడు జంతువుగా లెక్కించి నిరాకరించడం, దానికి రుసుము అడగడం కుదరదు.

10. నెలనెలా లెక్క చదవడం

స్టేట్‌మెంటు ఇలా ఉంటుంది: అద్దె 2,400. నిర్వహణ ఫీజు 192. ఏసీ కెపాసిటర్ మార్పిడి 185. సమన్వయ రుసుము 18.50. యజమానికి జమ 2,004.50. ఒక్కో వరుసకు ఒక్కో ప్రశ్న ఉంది. 185 డాలర్లకు పనివాడి అసలు బిల్లు జతచేశారా, లేక మేనేజరు సొంతంగా టైపు చేసిన కాగితమా? సమన్వయ రుసుము ఒప్పందంలో ఉందా? పాత కెపాసిటర్ ఫొటో ఉందా? ఇది అనుమానపు బుద్ధి కాదు. మొదటి మూడు నెలలు ప్రతి వరుసా అడిగిన యజమాని లెక్కను తర్వాత వాళ్లే జాగ్రత్తగా రాస్తారు.

ఏడాదికి రెండుసార్లు లోపలి ఫొటోలు రావాలి. వాటిలో నేను చూడమనేవి నాలుగు చోట్లు: వంటగది సింకు కింద, నీటి హీటరు అడుగు, ఏసీ ఫిల్టరు, పైకప్పు మూలల్లో గోధుమరంగు మరకలు. హాలు ఫొటో ఎంత అందంగా ఉన్నా ఏమీ చెప్పదు.

11. పని బాగోలేకపోతే

స్టేట్‌మెంటు రెండు నెలలు వరుసగా ఆలస్యమైతే ఒక ఈమెయిలు. మూడో నెల కూడా అంతే అయితే నోటీసు. అద్దె డబ్బు ఆలస్యమవడం, "బ్యాంకు సమస్య" అన్న జవాబు రెండుసార్లు వినడం అన్నింటికంటే పెద్ద ప్రమాద సూచన. ట్రస్టు ఖాతా లెక్క తప్పుతోందేమోనని వెంటనే అడగాలి, అవసరమైతే లైసెన్సు ఇచ్చిన కమిషన్‌కు ఫిర్యాదు చేయాలి.

మార్చేటప్పుడు పాత మేనేజరు నుంచి రాతపూర్వకంగా తీసుకోవలసినవి: అద్దెదారు డిపాజిట్టు మొత్తం, అద్దె ఒప్పందం అసలు ప్రతి, అద్దెదారు ఇంట్లోకి వచ్చిన రోజు తీసిన ఫొటోలు, తాళాలు, గరాజ్ రిమోట్లు, ఆ సంవత్సరం లెక్కలు. డిపాజిట్టు కొత్త మేనేజరు ట్రస్టు ఖాతాకు చేరిందని అద్దెదారుకు కూడా ఉత్తరం వెళ్లాలి. ఆ ఫొటోలు రాకపోతే, అద్దెదారు వెళ్లేనాడు గోడకు పడిన రంధ్రం ఎప్పటిదో రుజువు చేయలేరు, దాని పేరుతో డిపాజిట్టులో ఒక్క డాలరూ పట్టుకోలేరు. కొత్త మేనేజరుకు డబ్ల్యూ-8ఈసీఐ మళ్లీ కొత్తగా ఇవ్వాలి, పాతవారికి ఇచ్చింది వీరికి పనికిరాదు.